బొంతయ్య ఇంటి పిల్లితలుపు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఎవరి ఇంటికైనా ఒకటే తలుపు. ఒక్క ఎలుగుబంటి ఇంటికి మాత్రం రెండు. ఒకటి పెద్దది, ఎలుగుబంటి పట్టేంత. రెండోది ఆ పెద్దతలుపులోనే కింద కోసిన బుల్లితలుపు, పిల్లి పట్టేంత. ఆ బుల్లితలుపు ఎలా వచ్చిందో, వచ్చి ఏం చేసిందో చెప్తాను, కుదురుగా కూర్చోండి. మధ్యలో నవ్వొస్తే నవ్వండి. చివర్లో మాత్రం నవ్వు రాదు, ముందే చెప్తున్నాను.

ఆ ఎలుగుబంటి పేరు బొంతయ్య. ఎండాకాలంలో కూడా పాత బొంత కప్పుకున్నట్టే ఉండేవాడు. ఒక పెద్ద బండ కింద అతని ఇల్లు, ముందు మద్దిచెక్క తలుపు. లోపల గంపల నిండా ఎండబెట్టిన ఇప్పపువ్వు. వేసవిలో ఏరి తెచ్చుకుని ఏడాదంతా తినేవాడు. మనసు మంచిదే. కానీ ఒంటరివాడు. ఆ ఇంట్లో అతనికి తోడంటే ఇప్పపువ్వు కొరుక్కుతినే ఎలుకలే.

ఒకనాడు ఆ ఇంటికి ఒక పిల్లి వచ్చింది. బూడిదరంగు ఒళ్ళు, నుదుటి మీద తెల్లచుక్క. పేరు చుక్కమ్మ. వచ్చీరాగానే ఎలుకల్ని తరిమింది. తర్వాత గంప మీదికెక్కి, ముడుచుకుని, గురగురమంటూ పడుకుంది. తన గురక కాకుండా ఇంకో చప్పుడు ఇంట్లో వినపడినందుకు బొంతయ్య ఎంతో మురిసిపోయాడు. ఇక్కడే ఉండిపొమ్మన్నాడు.

"ఉంటాను మామా. కానీ నాకు బయట కూడా పనులుంటాయి. వస్తూ పోతూ ఉంటాను," అంది చుక్కమ్మ.

సరేనన్నాడు బొంతయ్య. సరే అనడం తేలికే. ఆ వచ్చిపోవడంతోనే వచ్చింది చిక్కంతా. తలుపు తీసి పెడితే కోతులు జొరబడి గంపలు బోర్లిస్తాయి. మూసి పెడితే చుక్కమ్మ బయట కూర్చుని అరుస్తుంది. బొంతయ్య అంత ఒళ్ళూ వేసుకుని మూలుగుతూ లేచి తలుపు తీస్తాడు. తీస్తే వెంటనే లోపలికి వస్తుందా? రాదు. గడప మీద కూర్చుని చెయ్యి నాక్కుంటుంది. గోడ మీద పిల్లి అంటారే, ఇది గడప మీద పిల్లి. లోపలికొచ్చి అతను మళ్ళీ నడుం వాల్చగానే, బయటికి పోతానని అరుస్తుంది. ఇలా లేచి కూర్చుని, కూర్చుని లేచి, బొంతయ్య సగం చిక్కిపోయాడు. చిక్కినా ఎలుగుబంటి ఎలుగుబంటే, అది వేరే సంగతి.

చివరికి అతను వడ్రంగిపిట్ట దగ్గరికి వెళ్ళాడు. ఆ అడవిలో చెక్కపని అంతా ఆ పిట్టదే. తొలకరి ముందు కదా, అందరూ కప్పులనీ తలుపులనీ దాని చుట్టూ తిరుగుతున్నారు. అంత హడావుడిలోనూ అది బొంతయ్యకు మూడు రకాల పిల్లితలుపులు చూపించింది. మొదటిది ఉట్టి కన్నం. సులువే గానీ గాలీ వానా లోపలికొస్తాయి, పాములూ రావచ్చు. రెండోది కన్నానికి పైన తీగతో వేలాడదీసిన పలక. తలతో నెడితే ఎటైనా ఊగుతుంది, వదిలితే మూసుకుంటుంది. మూడోది కూడా ఊగే పలకే, కాకపోతే లోపలినుంచి లాగే, దించే ఒక అడ్డుపుల్ల ఉంటుంది, దించితే దాని కొస పలకకి బయటివైపు అడ్డుపడుతుంది. పుల్ల లాగేస్తే రెండోదాని లాగే ఊగుతుంది. పుల్ల దించితే మాత్రం బయటినుంచి లోపలికి రావచ్చు గానీ లోపలినుంచి బయటికి పోలేరు.

తలుపులు చూపించి వడ్రంగిపిట్ట మూడు మాటలు అడిగింది. పిల్లి కొలత ఎంత, మీసాలు రాసుకోకుండా పట్టాలి కదా అంది. బొంతయ్య తన అరచెయ్యి చాపి ఇంత అన్నాడు. నోట్లో ఏమైనా కరుచుకుని వస్తుందా, అప్పుడు కన్నం ఇంకాస్త పెద్దది కావాలి అంది. ఎలుకే కదా, ఏముంది అన్నాడు.

"అన్నా, ఆ పిల్లిని అడిగావా, తనకి ఏ తలుపు కావాలో?" అంది చివరికి.

బొంతయ్యకు ఆ మాట వింతగా తోచింది. "దాన్నేం అడుగుతాను పిట్టమ్మా? ఇల్లు నాది. తలుపు నాది. పిల్లీ నాదే. ఎందుకైనా మంచిది, ఆ అడ్డుపుల్ల ఉన్నదే పెట్టు," అన్నాడు.

వడ్రంగిపిట్ట ఇంకో మాట అనబోయింది. ఈలోగా కప్పు సరిచెయ్యాలని కుందేళ్ళు వచ్చి పిలిచాయి. సరేలే, ఎవరి ఇల్లు వాళ్ళిష్టం అనుకుని ఊరుకుంది.

మర్నాడు వచ్చి మద్దితలుపు కింది భాగాన టకటకా కన్నం కోసింది. అంచులు చెయ్యి గీరుకోకుండా నున్నగా చేసింది. పలక వేలాడదీసి, అడ్డుపుల్ల బిగించి చూపించి వెళ్ళిపోయింది.

ఇక చుక్కమ్మకు అలవాటు చెయ్యాలి. మొదటిసారి పలక వచ్చి తోక మీద పడేసరికి చుక్కమ్మ ఆమడదూరం పారిపోయింది. బొంతయ్య పలకని పైకెత్తి పట్టుకుని, లోపల చేపముక్క పెట్టి, దా అమ్మా దా అని బతిమాలాడు. అంత పెద్ద ఎలుగుబంటి నేలమీద బోర్లా పడుకుని కన్నంలోంచి పిల్లిని బతిమాలుతుంటే కోతులు కొమ్మల మీద పడీపడీ నవ్వాయి. కొన్నాళ్ళకి చుక్కమ్మ భయం పోయింది. తలతో పలకని ఇలా నెట్టడం, సర్రున దూరడం నేర్చుకుంది. అడ్డుపుల్ల పైకి లాగేసే ఉంది. ఇల్లు మూసే ఉంది, పిల్లికి దారీ ఉంది. ఇద్దరూ హాయిగా ఉన్నారు. పిల్లలూ, ఈ కథ ఇక్కడితో అయిపోయి ఉంటే నాకూ బాగుండేది.

ఇప్పుడు మీకో రహస్యం చెప్తాను. బొంతయ్యకు ఇది తెలియదు. చుక్కమ్మకు ముగ్గురు పిల్లలు. బయట పనులన్నది వాళ్ళ గురించే. పిల్లి తన కూనల్ని ఏడిళ్ళు తిప్పుతుందని వినే ఉంటారు. ఏడో ఇల్లు చేరేదాకా కూనలు ఎక్కడున్నాయో ఎవరికీ చెప్పకూడదని చుక్కమ్మకు వాళ్ళమ్మ చెప్పింది. అందుకే నోరు విప్పలేదు. పడిపోయిన చెట్టుబోదెలో కొన్నాళ్ళు, రాళ్ళసందులో కొన్నాళ్ళు, ఇలా తిప్పుకుంటూ వచ్చి ఆరో ఇంటికి చేరింది. ఆ ఆరో ఇల్లు వాగు ఒడ్డున, గట్టు కింద ఎవరో వదిలేసిపోయిన బొరియ. వాగు ఎండి ఉన్నన్నాళ్ళు అది మంచి చోటే.

అటు బొంతయ్యకు మెల్లగా ఇంకో రకం ఆలోచన మొదలైంది. చుక్క ఇంట్లో ఉండే కాసేపూ ఇల్లు ఇల్లులా ఉంటుంది. వెళ్ళగానే బోసిపోతుంది. ఎక్కడికి పోతుంది? బయట నక్క ఉంది, పాములున్నాయి. ఇక్కడ చేపముక్క ఉంది, వెచ్చటి గంప ఉంది, నేనున్నాను. ఇంకేం తక్కువైంది? ఇలా అనుకునేవాడు. ఆ మాట చుక్కమ్మనే అడిగితే సరిపోయేది. అడగలేదు. తనలో తానే అడిగి, తనలో తానే జవాబు చెప్పుకున్నాడు.

ఒక పొద్దున ఆకాశం మబ్బు పట్టింది. వాగు అవతల నేరేడు పళ్ళు రాలుతున్నాయని తెలిసి బొంతయ్య బుట్ట తీసుకుని బయల్దేరాడు. చుక్కమ్మ అప్పటికే బయటికి పోయింది. వాన వచ్చేలా ఉంది, అది తడుస్తూ తిరగడం ఎందుకు అనుకున్నాడు. గంప పక్కన చేపముక్క పెట్టాడు. అడ్డుపుల్ల కిందికి దించాడు. వస్తుంది, తింటుంది, సాయంత్రం నేనొచ్చేదాకా ఇంట్లోనే ఉంటుంది. దాని మంచికే కదా. అలా అనుకుని పెద్దతలుపు గట్టిగా మూసి వెళ్ళిపోయాడు.

అతను అటు వెళ్ళాక చుక్కమ్మ వచ్చింది. ఆ రోజు చేపముక్క కోసం రాలేదు. మబ్బు చూసి, వాగు పక్కన ఇంక లాభం లేదు, ఇవాళే పిల్లల్ని ఇక్కడికి తెచ్చెయ్యాలి అనుకుని వచ్చింది. అవును, తను ఎంచుకున్న ఏడో ఇల్లు బొంతయ్య ఇల్లే. ఇప్పపువ్వు గంపల వెనక మూల ఒకటి చాలారోజుల క్రితమే చూసి పెట్టుకుంది. నోట కరుచుకొచ్చిన గడ్డి ఆ మూలలో పరిచింది. కాలితో సర్దింది. ముందు ఎవర్ని తేవాలి, భయపడే చిన్నదాన్నే తెస్తాను అనుకుంటూ వెనక్కి తిరిగి, రోజూ నెట్టినట్టే పలకని తలతో నెట్టింది.

పలక కదల్లేదు.

ఇంకోసారి గట్టిగా నెట్టింది. పంజాతో గీకింది. పళ్ళతో కొరికింది. పుల్ల లోపలివైపే ఉంది, బొంతయ్య పంజాకైతే ఒక్క క్షణం పని. పిల్లికి అది లాగడం తెలియదు, ఎవరూ చూపించలేదు. బయట వాన మొదలైంది. చుక్కమ్మ మామా మామా అని అరిచింది. కోతుల్ని పిలిచింది. ఇన్నాళ్ళూ తను తరిమిన ఎలుకల్ని కూడా పిలిచింది. వాన చప్పుడులో ఎవరికీ వినపడలేదు.

వాగు అవతల బొంతయ్య నేరేడు చెట్టు కింద తడుస్తూ కూర్చున్నాడు. పైన కొండల్లో కూడా పెద్ద వాన పడుతోంది. చలికి వణుకుతున్నా అతని మనసు మాత్రం చల్లగా ఉంది. నా చుక్క ఇంట్లో వెచ్చగా ఉండుంటుంది, ఎంత మంచి పని చేశాను అనుకున్నాడు.

వాన కాస్త తగ్గాక తిరిగి బయల్దేరాడు. వాగులో అప్పటికే ఎర్రనీళ్ళు వచ్చేశాయి. నడుములోతు నీళ్ళలో దాటి ఇవతలి గట్టెక్కుతుంటే కింద ఎక్కడో సన్నగా కుయ్యి కుయ్యిమని వినిపించింది. ఒక్క క్షణం ఆగాడు. ఏ పిట్టపిల్లో అనుకున్నాడు. ఇంట్లో చుక్క ఎదురుచూస్తుంటుందని గుర్తొచ్చి గబగబా నడిచాడు.

ఇంటికి వచ్చి పెద్దతలుపు తీశాడు. తీసీ తియ్యకముందే చుక్కమ్మ అతని కాళ్ళ సందులోంచి బయటికి ఉరికింది. పలక లోపలివైపంతా గీతలు. గడప మీద నెత్తురు మరకలు. బొంతయ్యకు ఏమీ అర్థం కాలేదు. చుక్కా చుక్కా అంటూ వెనకే పరిగెత్తాడు. చుక్కమ్మ వాగు గట్టు దగ్గర ఆగింది. అతను ఇందాక ఆ కూత విని ఒక్క క్షణం ఆగిన చోటది. అప్పుడు అర్థమైంది బొంతయ్యకు.

బొరియ నీళ్ళలో మునిగిపోయింది. గట్టులోంచి బయటికొచ్చిన ఒక వేరుని పట్టుకుని, ఒక్క పిల్లికూన వేలాడుతోంది. మిగతా ఇద్దరూ లేరు. బొంతయ్య నీళ్ళలోకి దూకి, ముందు ఆ కూనని తీసి తల్లి ముందు పెట్టాడు. మళ్ళీ దిగి, మెడలోతు నీళ్ళలో చీకటి పడేదాకా మిగతా ఇద్దరి కోసం రెండు చేతులా వెతికాడు. దొరకలేదు.

"నాకెందుకు చెప్పలేదు చుక్కా?" అన్నాడు.

చుక్కమ్మ కూనని నాకడం ఆపి తలెత్తింది. తర్వాత అంది.

"ఏడో ఇంట్లో అడుగుపెట్టాక చెబుదామనుకున్నాను మామా. ఆ ఏడో ఇల్లు నీదే. గంపల వెనక గడ్డి కూడా పరిచాను."

బొంతయ్య ఏడ్చాడు. ఇంటికి రమ్మన్నాడు. ఆ పుల్ల ఇప్పుడే విరిచేస్తాను, ఇంకెప్పుడూ అలా చెయ్యను అని ఒట్టు పెట్టుకున్నాడు. చుక్కమ్మ అతన్ని తిట్టలేదు, పంజా విసరలేదు. తిట్టినా బాగుండేదని బొంతయ్య తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

"నువ్వు చెడ్డవాడివి కావు మామా. కానీ ఆ తలుపు లోపల ఇక నాకు నిద్ర పట్టదు," అంది చుక్కమ్మ. మిగిలిన ఒక్క కూనని మెడపట్టి నోట కరుచుకుని, కొండవైపు వెళ్ళిపోయింది.

సంగతి తెలిసి మర్నాడు వడ్రంగిపిట్ట వచ్చింది. ఆ రోజు ఇంకో మాట అనబోయి ఊరుకున్నాను, అనాల్సింది అని తనూ బాధపడింది. అడ్డుపుల్ల ఊడబీకింది. కన్నం ఇంకాస్త పెద్దది చేసింది, తల్లిపిల్లి కూనని నోట కరుచుకుని వచ్చినా పట్టేలా. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. అది వాళ్ళిద్దరికీ తెలుసు. అయినా చేశారు.

ఎలుకలు మళ్ళీ వచ్చాయి. ఆ బుల్లితలుపులోంచే దర్జాగా వస్తాయి. గంపల్లో ఇప్పపువ్వు అడుక్కి వచ్చింది. బొంతయ్య వాటినేమీ అనడు. గంపల వెనక మూలలో గడ్డి మాత్రం ఎవర్నీ ముట్టుకోనివ్వడు. అది పాతబడితే తీసి కొత్తది పరుస్తాడు. గాలి వీచినప్పుడల్లా ఆ పలక ఊగుతుంది. ఊగినప్పుడల్లా బొంతయ్య తలెత్తి చూస్తాడు. గాలే అని తెలిసినా లేచి వెళ్ళి, బోర్లా పడుకుని, పలక పైకెత్తి బయటికి చూస్తాడు. కోతులు కొమ్మల మీద ఉంటాయి. ఇప్పుడు అవి నవ్వవు.

నీతి: ఎవరి కోసం తలుపు పెడుతున్నామో, అది ఎటు తెరుచుకోవాలో ముందు వాళ్ళనే అడగాలి. ప్రేమతో వేసినా గడియ గడియే.