ఏలినవారి సెలవు

గురువు గుండయ్యగారికి వాదన గిట్టేది కాదు. ఎవరేమడిగినా, ముందు వీపు గోక్కుని, తర్వాత ఎక్కడో జరిగిన సంగతి ఒకటి ఎత్తుకునేవారట. కాలేజీలో నాకు తర్కం చెప్పినాయన దీనికి సరిగ్గా వ్యతిరేకం. ఆయన ఊసు ఇక్కడ వద్దు.

శిష్యుడు మాచనకు రాజుగారు ఒక సీమ మీద అధికారం ఇచ్చారు. తెల్లవారితే ప్రయాణం. సెలవు తీసుకోవడానికి వచ్చి, "స్వామీ, రాజుగారి పేరున నేను ఏలుతుండగా తప్పు జరిగితే అది రాజుగారికే కదా చెందుతుంది?" అన్నాడు. కావలసిన జవాబు ప్రశ్నలోనే పెట్టుకుని వచ్చాడు.

గురువుగారు ఎరపోతనాయకుడి సంగతి చెప్పారు.

ఆ నాయకుడూ ఒక సీమకు అధికారే. ఏం చేసినా "ఏలినవారి సెలవు" అనేవాడు. ఆ కాలంలో సెలవంటే ఆజ్ఞ. నా చదువు నాటికే అది బడికి తాళం వేయించే మాటైపోయింది. సరే, రాజు ఆ సీమ చూడవస్తున్నాడంటే, విడిదిలో పాలకు లోటు రాకూడదని నాయకుడు ఊళ్లోని పాడిగేదెలన్నీ తోలించాడు. రాజుకు ఆ సంగతే తెలియదు.

నాయకుడితో, పరివారంతో ఎండలో వస్తూ రాజు ఒక గుడిసె ముందు గుర్రం ఆపి, ముసలి బొల్లమ్మను మజ్జిగ అడిగాడు.

"మజ్జిగా? ఉన్న ఒక్క గేదెనూ తోలుకుపోయి, మజ్జిగ పొయ్యమంటావా అయ్యా? పసిదానికి గంజి తాగిస్తన్నా!"

"ఎవరమ్మా తోలుకుపోయింది?"

"నువ్వే! ఏలినవారి సెలవని ఈ బాబే చెప్పాడుగా," అంటూ పక్కనున్న నాయకుణ్ణి చూపించింది.

నాయకుడి నోట్లో తాంబూలం. నమలలేడు, ఉమ్మలేడు. రాజు అతని వైపు చూడనైనా చూడలేదు. గుర్రం దిగి చేతులు జోడించాడు.

"నిజమే తల్లీ. నేనే తోలించాను. తప్పయింది."

సాయంత్రానికి గేదె ఇల్లు చేరింది. దారి పొడవునా రాజు నాయకుడితో వానల గురించీ పంటల గురించీ ఎప్పటిలాగే మాట్లాడుతూ వచ్చాడు.

మాచన గురువుగారి దగ్గరికి జరిగాడు.

"మరి... రాజుగారు ఆయన్ని శిక్షించలేదా స్వామీ?"

"శిక్షించమని ఆయనే వెళ్లి కాళ్లమీద పడ్డాడు నాయనా. 'గేదెను తోలించింది నేనైతే నీకెందుకయ్యా శిక్ష?' అన్నాడట రాజు. పాపం, నాయకుడు ఆ మాట మోసుకుంటూ ఇంకా బతికే ఉన్నాడు."