మామిడి చిగురు తల వాల్చేసిన కథ

ఒకప్పుడు మామిడి చిగురు ఇలా ఉండేది కాదర్రా. పుట్టడమే పచ్చగా, తలెత్తుకుని పుట్టేది. కొమ్మ చివర నిలబడి దారిన పోయేవాళ్ళందర్నీ పలకరించేది. దాని నోరు ఒక్క క్షణం ఊరుకునేది కాదు.

ఇప్పుడు చూడండి దాన్ని. ఎర్రబడిపోయి, వేలాడిపోయి, ముట్టుకుంటే మెత్తగా, ఒంట్లో సత్తువ లేనట్టు. ఎందుకిలా అయిందో చెబుతాను. నవ్వుకునే కథ కాదు, ముందే చెబుతున్నా. తర్వాత నన్ను ఆడిపోసుకుంటే ఊరుకోను.

సూరమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడకి వెనకా ముందూ ఎవరూ లేరు. ఉన్నదల్లా ఒక్క కూతురు, చిలకమ్మ. పెరట్లో పక్కపక్కనే రెండు చెట్లు, ఒకటి మామిడి, ఒకటి వేప.

ఆ రోజుల్లో గుమ్మానికి ఏ ఆకు కడితే ఆ ఆకే ఇంటి తరఫున మాట్లాడేది. పండగొస్తే మామిడాకులు కట్టేవాళ్ళు. అవి ఎవరొచ్చినా "రండి" అనేవి. ఇంట్లో జబ్బు ఉంటే వేపమండ కట్టేవాళ్ళు. అది ఎవరొచ్చినా "రావద్దు" అనేది. గుమ్మానికెక్కాక, వచ్చినవాళ్ళతో అనడానికి ఒక్కోదానికి ఒక్కటే మాట వచ్చు.

"నిన్ను కడితే చుట్టాలు గుమ్మం కూడా తొక్కరు" అని చిగురు వేపని ఆటపట్టించేది.

"తొక్కకూడని వాళ్ళూ ఉంటారులేవే, నీకేం తెలుసు" అనేది వేప.

ఆ ఏడు ఊళ్ళోకి జ్వరం వచ్చింది. అప్పట్లో జ్వరం కంటికి కనబడేది. చిన్న ముసలమ్మ, చేతిలో కర్ర. వీధిలో ఎవరు కనబడితే వాళ్ళ చెయ్యి పట్టుకునేది. పట్టుకుంటే చాలు, ఒళ్ళు కాలిపోయేది. కానీ మనిషిని తీసుకుపోవాలంటే మాత్రం ఇంట్లోకి రావాలి. రావాలంటే గుమ్మం దగ్గర అడగాలి. అది దాని కట్టుబాటు.

చిలకమ్మ వీధిలో గవ్వలాడుకుంటూ ఉంటే ముసలమ్మ వచ్చి చెయ్యి పట్టుకుంది. పిల్ల ఇంటికొచ్చి మంచాన పడింది. సూరమ్మ పరుగున పెరట్లోకి పోయి వేపమండ విరిచి గుమ్మానికి కట్టింది.

"నేనుగా ఎండి రాలేదాకా నన్ను తియ్యకమ్మా" అంది వేప.

రోజూ ముసలమ్మ వచ్చేది. "లోపలికి రావచ్చా?" అనేది. వేప "రావద్దు" అనేది. కర్ర టకటకలాడించుకుంటూ వెళ్ళిపోయేది. సూరమ్మ తడిగుడ్డ వేస్తూ, నోట్లో జావ పోస్తూ మంచం పక్కనే ఉండేది. పిల్ల కాస్త తేరుకుంది. దిండుకి ఆనుకుని కూర్చోగలిగింది. ఇంకొన్నాళ్ళు ఓపిక పడితే గండం గడిచేది.

ఈలోగా ఉగాది వచ్చింది.

వీధంతా తోరణాలు కడుతున్నారు. పిల్లలు ఆకుల కోసం చెట్లెక్కి అరుస్తున్నారు. చిలకమ్మ అవన్నీ వింటూ పడుకుంది. కాసేపటికి అడిగింది. "అమ్మా, మనింటికి పండగ రాదా?"

"వస్తుందమ్మా. నీకు తగ్గాక."

"తగ్గాక అందరి పండగా అయిపోతుంది కదా. వేపమండ చూసి నాతో ఆడేవాళ్ళు కూడా రావట్లేదు."

పిల్ల ఏడవలేదు. ఏడిస్తే సూరమ్మ కోప్పడి ఊరుకునేదేమో. గోడవైపు తిరిగి పడుకుంది, అంతే. తల్లి మనసు ఆగలేదు. వెళ్ళి మామిడి కొమ్మ వంచి ముదురాకులు కోసుకొచ్చింది. అరటినార, నాలుగు ఈనెపుల్లలు తెచ్చి మంచం మీద పెట్టింది.

ఇద్దరూ కూర్చుని తోరణం కుట్టారు. ఆకు కాడని నార మీదుగా మడవాలి, ఈనె గుచ్చాలి. సూరమ్మ చేతిలో చకచకా అయిపోతోంది. చిలకమ్మకి వేళ్ళు వణుకుతున్నాయి. ఒక ఆకుతో పాటు చిగురు కూడా వచ్చింది. "ఇది మధ్యలో పెడతానమ్మా, ముద్దుగా ఉంది" అంది పిల్ల. దాన్ని తనే మడిచింది, తనే ఈనె గుచ్చింది. వంకరగా వచ్చింది. అయినా ఎంత మురిసిపోయిందో.

సూరమ్మ వేపమండ విప్పి గుమ్మం పక్కన పెట్టింది. ఆ గుమ్మానికి తోరణం కట్టింది. వేపపువ్వు పచ్చడిలో పడింది, వేపమండ మట్టిలో పడింది.

"ఒక్కపూటేలే. నేను చూసుకుంటాను" అంది చిగురు గుమ్మం మీంచి.

"నువ్వు చూడగలవు, వద్దనలేవు" అంది వేప కింద నుంచి. ఎవరూ వినిపించుకోలేదు.

తోరణం చూసి పిల్లలు వచ్చారు. చిగురు "రండి" అంది. అమ్మలక్కలు పచ్చడి గిన్నెలు పట్టుకుని వచ్చారు. "రండి" అంది. చిలకమ్మ మంచం చుట్టూ ఒకటే సందడి. అన్నాళ్ళకి పిల్ల నవ్వింది. ఆ నవ్వు చూసి సూరమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

అందరి వెనకాల ముసలమ్మ వచ్చింది. తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది.

"లోపలికి రావచ్చా?"

చిగురు గుర్తుపట్టింది. వద్దనాలి. ఆ మాట ఒక్కటి అంటే చాలు. ఎంత పెనుగులాడిందో పాపం. నోరు తెరిచింది. దానికి వచ్చిన మాట ఒక్కటే. అదే వచ్చింది.

"రండి."

పొద్దు వాలేసరికి చిలకమ్మ లేదు.

చావు ఇంట తోరణం ఉండకూడదు. పచ్చిగా ఉన్నా తీసెయ్యాలి. సూరమ్మే పీట వేసుకుని ఎక్కి విప్పింది. అరుగు మీద కూర్చుని ఆకులు ఒక్కొక్కటే పీకేసింది. మధ్యకొచ్చేసరికి వంకర ఈనె చేతికి తగిలింది. చెయ్యి ఆగిపోయింది.

"నన్ను చింపెయ్యమ్మా. నేనే పిలిచాను" అంది చిగురు.

సూరమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుంది. తిడితే బాగుండుననుకుంది చిగురు. నేలకేసి నలిపేస్తే బాగుండుననుకుంది.

"నువ్వేం చేస్తావే" అంది సూరమ్మ చివరికి. "వేపని విప్పింది నేను. నిన్ను కట్టింది నేను."

ఆ చిగురుని చెట్టు మొదట్లో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. మళ్ళీ ఏ పండక్కీ ఆ గుమ్మానికి ఏ ఆకూ కట్టలేదు. ఆ ఇంటికి ఎవరూ రాలేదు కూడా.

చిగురు సంగతంతా చెట్టుకి చెప్పింది. చెప్పి వాడిపోయింది. గాలి వచ్చి, "కాస్త ఊగవే, మనసు తేలికవుతుంది" అని కొమ్మని కదిపింది. వాన వచ్చి కడిగింది. చెట్టు తేరుకోలేదు. పక్కనున్న వేప కూడా ఒక్క మాట దెప్పలేదు. మళ్ళీ చిగుళ్ళు వేసే కాలం వచ్చేసరికి ఒక్కటీ పచ్చగా పుట్టలేదు, ఒక్కటీ తలెత్తలేదు.

అప్పటినుంచే మామిడి చిగురు ఏడ్చిన కళ్ళలా ఎర్రబడి, తల వాల్చేసి పుడుతోంది. ముదిరేకొద్దీ మరిచిపోతుంది. పచ్చబడుతుంది, నిక్కుతుంది, మళ్ళీ గుమ్మాలెక్కి అందర్నీ రమ్మంటుంది. అందుకే తోరణానికి ముదురాకులే కోసుకురమ్మన్నాను. చిగురు జోలికి పోకండి. దానికి ఇంకా చిలకమ్మ గుర్తుంది.