గంటల గోపురం చరిత్రలో ఆఖరి పేజీ

పార్కులోని గంటల గోపురానికి నూరేళ్ళు నిండుతున్నాయి, దాని చరిత్ర ఎనిమిది వాక్యాల్లో రాసిస్తే రాతిపలక మీద చెక్కిస్తామన్నారు కమిటీవారు. పోలినాయుడు నలభై పేజీలు రాశాడు. రాసేవాళ్ళందరికీ ఉండే జబ్బే, కొత్తదేం కాదు.

ఓడలో వచ్చిన ఇరవైమూడు గంటలు, రేవులో జారిపడి ఏడాదిపాటు నీళ్ళలో నాని బొంగురుపోయిన ఐదో గంట, వాటిని వాయించిన పెద్దలు... అన్నిటినీ సులువుగానే కుదించాడు. ఆఖరి పేజీ దగ్గరే చెయ్యి ఆడలేదు. అందులో ఉన్నది తను.

రేపు పొద్దున్నే పలక చెక్కే మనిషి వస్తాడు. పోలినాయుడికి కూర్చుంటే నిలబడాలనీ, నిలబడితే కూర్చోవాలనీ ఉంది. కాగితాల కట్ట పట్టుకుని ఐజాక్ మాస్టారి దగ్గరికి పోయాడు. గోపురం గదిలో చెక్కపిడులను పిడికిళ్ళతో గుద్ది పైనున్న గంటలను మోగించడం అతనికి నేర్పింది ఆయనే.

“తొమ్మిదేళ్ళుగా రోజూ సాయంత్రం ఆరింటికి వాయిస్తున్నాను మాస్టారూ. కింద ఒక్కడైనా తలెత్తి చూళ్ళేదు. పలక మీదైనా నా పేరుండొద్దా?”

మాస్టారు చేతికర్ర అందుకున్నారు. “పద, వేరుశెనక్కాయలు తిందాం.”

ఇద్దరూ పార్కులో శెనక్కాయల బండి పక్కన బెంచీ మీద కూర్చున్నారు.

“మాస్టారూ, ఆరయింది.”

“కూర్చో.”

ఆరు దాటి అయిదు నిమిషాలయింది. నాయుడి పిడికిళ్ళు మోకాళ్ళ మీద వాటంతటవే లేస్తున్నాయి. నడిచేవాళ్ళు నెమ్మదించారు. పక్క బెంచీలో ముసలమ్మ కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని గోపురం వైపు చూసింది. బండి గవరయ్య గరిట ఆపేశాడు. వాయించే మనిషి పక్కనే ఉన్నాడని అతనికి తెలీదు.

“ఏటయిందో గంటలాయనకి! నిన్న మూడో పాటలో రెండుసార్లు తడబడ్డాడు. ఒంట్లో బాగోలేదని అప్పుడే అనుకున్నాను.”

“ఒకసారే!” అంటూ లేచి నిలబడ్డాడు పోలినాయుడు.

“రెండు,” అంది ముసలమ్మ. “బొంగురు గంట కాడ ఇంకోసారి.”

నాయుడు కాగితాలు బెంచీ మీద పడేసి పరిగెత్తాడు. నూటపన్నెండు మెట్లు. ఆ రోజు మూడో పాట రెండుసార్లు వాయించాడు.

దిగి వచ్చేసరికి ఎవరి నడకలో వాళ్ళున్నారు. ఒక్కరూ తలెత్తలేదు.

మాస్టారు అతని చేతిలో శెనక్కాయల పొట్లం పెట్టారు. పొట్లం మీద తన అక్షరాలే. ఆఖరి పేజీ.

నాయుడు పొట్లం వంక చూశాడు, మాస్టారి వంక చూశాడు.

“వేడిగా ఉన్నాయి,” అన్నారు మాస్టారు. “తిను.”