దిగువన నిలబడిన సుంకులమ్మ

అనగనగా, వాగులకు ఇంకా అడ్డుకట్టలు తెలియని కాలంలో, రెండు పల్లెలకు కలిపి ఒకటే వాగు ఉండేది. పైనున్నది ఎగువపల్లె, కిందున్నది దిగువపల్లె. ఎగువపల్లె వాళ్ళు స్నానాలు చేసిన నీళ్ళే దిగువపల్లె వాళ్ళు తాగేవాళ్ళు. అందులో వింతేమీ లేదు, నీళ్ళు పారేది కిందికే కదా. ఈ చిన్న సంగతి మనసులో పెట్టుకుని వినండి.

ఒక ఏడు ఎగువపల్లెలో కొందరు క్రీస్తును నమ్ముకున్నారు. వాళ్ళకు బాప్తిస్మం ఇవ్వడానికి ఏటా వానలు వెనకబట్టాక జకరయ్య అనే పాస్టరయ్య ఎద్దులబండి మీద వచ్చేవాడు. బాప్తిస్మం అంటే ఏమిటో తెలియనివాళ్ళకు చెబుతాను. మనిషిని నీళ్ళలో ఒక్క మునక ముంచి లేపుతారు. పాత బతుకు పోయి కొత్త బతుకు మొదలైందని దానర్థం. దేవుడు పాపాలు కడిగేశాడని ఒడ్డున ఉన్నవాళ్ళు పాట పాడతారు. ఆ పాట గాలికి దిగువపల్లె దాకా వినబడింది. చిక్కు అక్కడే వచ్చింది.

కడిగిన మురికి ఎక్కడికి పోతుంది? నీళ్ళలోకి. ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయి? దిగువపల్లెకు.

మొదటి ఏడు గంగడు మునిగాడు. వాడు గొర్రెల దొంగని చుట్టుపక్కల అందరికీ తెలుసు. ఆ వారంలోనే దిగువపల్లెలో ఎవరిదో మేక మాయమైంది. చూశారా, గంగడి పాపం మన వాగులో పడిందన్నారు.

రెండో ఏడు నాంచారమ్మ మునిగింది. ఆమె ఇక్కడి మాట అక్కడా, అక్కడి మాట ఇక్కడా మోసేది. ఆ నెలలోనే దిగువపల్లెలో ఒకే కంచంలో తిన్న తోడికోడళ్ళు వీధిలో జుట్లు పట్టుకున్నారు. చూశారా, నాంచారమ్మ పాపం మన వాగులో పడిందన్నారు.

నవ్వకండి. మేకను తోడేలు ఎత్తుకుపోయి ఉండొచ్చు. తోడికోడళ్ళకు అంతకుముందే మనసులో ఏదో ఉండి ఉండొచ్చు. కానీ మన ఇంట్లో పుట్టిన చెడ్డకు పైనుంచి వచ్చిందన్న కారణం దొరికితే, దాన్ని వదులుకోవడం ఎవరికైనా కష్టమే.

దిగువపల్లె పెద్ద చౌడప్ప వెళ్ళి, మీ మునకలేవో మా ఊరు దాటాక వేసుకోండని పాస్టరయ్యకు చెప్పాడు. పాస్టరయ్య సరేనని బండి కిందికి తోలించాడు. కానీ దిగువపల్లెకు కూడా దిగువన ఒక ఊరుంది. ఆ ఊరివాళ్ళు, దిగువపల్లె వాళ్ళకు వద్దన్నది మాకెందుకని కర్రలతో ఎదురొచ్చారు. బండి మళ్ళీ పైకే వెళ్ళింది.

మూడో ఏడు మునగడానికి వచ్చినవాడు ఎగువపల్లె పుల్లన్న.

అతని సంగతి చెప్పాలి. వయసులో ఉన్నప్పుడు, మడికి నీళ్ళు కట్టుకునే వంతు దగ్గర మాటా మాటా పెరిగి, దిగువపల్లె తిమ్మప్పను పార తిరగేసి తలమీద కొట్టాడు. తిమ్మప్ప ఆ కాలువలోనే ప్రాణం విడిచాడు. పుల్లన్న జైలుకు పోయాడు. నల్లటి జుట్టుతో పోయినవాడు తెల్లటి జుట్టుతో, దగ్గుతో తిరిగొచ్చాడు. మళ్ళీ వానల దాకా ఉండడని వైద్యుడు చెప్పేశాడు. అంటే అతనికి ఉన్నది ఆ ఒక్క ఏడే.

నీళ్ళు లేకపోయినా దేవుడు క్షమిస్తాడులే అని పాస్టరయ్య చెప్పి చూశాడు. పుల్లన్న ఒప్పుకోలేదు. "నేను చేసింది నీళ్ళకాడ అయ్యా. నీళ్ళకాడే ఒప్పుకోవాల" అన్నాడు.

దిగువపల్లె అంతా కర్రలు పట్టుకుని వచ్చి వాగుకు అడ్డం నిలబడింది. దొంగతనం తాగాం, చాడీలు తాగాం, మనిషి నెత్తురు మాత్రం తాగమన్నారు. పుల్లన్న నడుము లోతు నీళ్ళలో దగ్గుతూ నిలబడి ఉన్నాడు. పాపం ఉప్పులాగా నీళ్ళలో కరిగేది కాదని పాస్టరయ్య నచ్చజెప్పబోయాడు.

"అట్లయితే నీళ్ళెందుకు సామీ?" అన్నాడు చౌడప్ప. "ఇసకలో ముంచండి."

దానికి పాస్టరయ్యకు కూడా నవ్వొచ్చిందంటారు.

అప్పుడే సుంకులమ్మ జమ్ము మోపు నెత్తిన పెట్టుకుని అటు వచ్చింది. ఆమె చనిపోయిన తిమ్మప్ప తల్లి. జమ్ముతో చాపలల్లి బతికేది. అల్లే ముందు జమ్మును నానబెట్టాలి కనుక రోజూ తెల్లవారగానే వాగులో నిలబడేది. నిలబడినంతసేపూ పెదాలు కదులుతుండేవి. కొడుకు పోయినా దేవుణ్ణి మరవలేదు చూడండని జనం చెప్పుకునేవాళ్ళు. బతికితే సుంకులమ్మలాగా బతకాలని తల్లులు కూతుళ్ళకు చెప్పేవాళ్ళు.

ఆమె కోసం అందరూ దారి ఇచ్చారు. ఇక్కడ మాట్లాడే హక్కు ఎవరికైనా ఉంటే ఆమెకే కదా.

"నువ్వే చెప్పత్తా" అన్నాడు చౌడప్ప. "నీ కొడుకు నెత్తురు మా చేత తాగిస్తారంట."

సుంకులమ్మ మోపు దించింది. వాగులోకి చూసింది.

"ఏం కడుక్కుందామని వచ్చినావు పుల్లన్నా?"

"తెలిసే అడుగుతాండావు కదత్తా."

"నీ నోటితో చెప్పు."

"నీ కొడుకును చంపినాను. అది."

"పోతుందా?"

"నాకు తెలీదత్తా. పోతుందని అయ్యగారు అన్నాడు. నమ్మినా."

సుంకులమ్మ తన ఊరివాళ్ళ వైపు తిరిగింది.

"పొద్దున్నే ఈ నీళ్ళల్లో నిలబడి నేను మొక్కుకుంటానని అనుకుంటిరి మీరు. మొక్కు కాదు, ఏమీ కాదు. ఈడు జైల్లో కుళ్ళి చావాలని తిడుతుంటి. ఈడి పెండ్లాం చావాలని, ఈడి బిడ్డ చావాలని తిడుతుంటి. ఆ బిడ్డ జొరమొచ్చి సచ్చిపోయింది. ఆ పొద్దు నాకు సంగటి రుచిగా ఉండింది."

ఆమె వాగు కిందివైపుకు చెయ్యి చూపింది.

"మీ కడవలు నా కిందనే కదా ముంచుకునేది? ఇన్నేండ్లు తాగినారు. అత్తా, నీళ్ళు చేదుగా ఉండాయని ఒకరన్నా చెప్పినారా?"

చౌడప్ప కర్ర కిందికి దించాడు.

"ముంచండయ్యా" అంది సుంకులమ్మ పాస్టరయ్యతో. "నేను దిగువన నిలబడతా. ఏమన్నా వస్తే ముందు నాకే వస్తుంది."

ఆమె చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, నాలుగడుగులు కిందికి పోయి నీళ్ళలో నిలబడింది. పాస్టరయ్య తండ్రి పేర, కుమారుని పేర, పరిశుద్ధాత్మ పేర పుల్లన్నను ముంచి లేపాడు. నీళ్ళు అతన్ని దాటి ఆమె దగ్గరకు వచ్చాయి. ఆమె దోసిలి పట్టి తాగింది. మళ్ళీ పట్టి తాగింది. మూడోసారి పట్టి, ఆ నీళ్ళను కాసేపు చూసి, తాగింది.

రెండు పల్లెలూ ఆమె ముఖాన్నే చూస్తున్నాయి.

"ఎట్లుండాయత్తా?" అని అడిగాడు చౌడప్ప, గొంతు తగ్గించి.

"నీళ్ళే" అంది సుంకులమ్మ.

తరువాత పుల్లన్న వైపు చూసి, "బయటికి రా అబ్బీ, దగ్గు ఎక్కువైతుంది" అంది. మోపు ఎత్తుకుని వెళ్ళిపోయింది.

పుల్లన్నను ఆమె క్షమించిందా? ఈ కథ చెప్పినవాళ్ళందరినీ అడిగాను. క్షమించిందని కొందరు, నీళ్ళు మాత్రమే తాగిందని కొందరు అన్నారు. ఆమె కూడా ఆ తరువాత బాప్తిస్మం తీసుకుందా అన్నది కూడా ఎవరూ తేల్చి చెప్పలేదు. ఒకటి మాత్రం అందరూ ఒప్పుకున్నారు. ఆ మర్నాటి నుంచి ఆమె వాగులో పెదాలు కదపకుండా నిలబడేది. మంచిదానివి అని ఎవరన్నా అంటే, పోండమ్మా పోయి పని చూసుకోండనేది. ఆమెకు సమాధి లేదు, ఉన్నా ఎక్కడో తెలియదు.

కానీ ఆ వాగు ఒడ్డు పల్లెల్లో ఈనాటికీ ఎవరన్నా బాప్తిస్మానికి దిగితే, నాలుగడుగులు దిగువన ఇంకొకరు నిలబడతారు. పై నుంచి వచ్చిన నీళ్ళను దోసిలి పట్టి తాగుతారు. ఎట్లుండాయని ఒడ్డు మీదివాళ్ళు అడుగుతారు. నీళ్ళే అని చెబుతారు. అప్పుడే పాట ఎత్తుకుంటారు.

దిగువన నిలబడడానికి చుట్టాలను పిలవరు. మునిగే మనిషి ఎవరిని ఎక్కువ బాధపెట్టాడో వాళ్ళ ఇంటికి తనే వెళ్ళి పిలవాలి. కొందరు వస్తారు, కొందరు రారు. రానప్పుడు పాస్టరయ్య తొందరపెట్టడు. ఒడ్డున ఉన్నవాళ్ళు పాట ఎత్తుకోరు. ఆ మనిషి చలికి వణుకుతూ, దారి వైపు చూస్తూ, నీళ్ళలోనే కాసేపు నిలబడతాడు.