నడిమి తీగ స్వరం

అనగనగా ఒక రాజు. ఎప్పటి రాజు అని అడుగుతారు గనక అదీ చెప్పేసుకుందాం. నైలు నదికి వరదనీరు తగిలిన నెల, పదకొండో తేదీ, గురువారం. పొద్దున్న ఇసుకగాలి రేగింది, మధ్యాహ్నానికి ఆకాశం కడిగిన కంచంలా తేటపడింది. ఆ మధ్యాహ్నమే రాజుగారి మూడో కొడుకు దహబ్‌కు పెళ్లి, పడవవాడి కూతురు సకీనాతో.

ఆ దేశంలో తంబూర్ మోగనిదే పెళ్లి కాదు. మన తంబూరా అనుకునేరు, కాదు. చెక్కగిన్నెకు తోలు బిగించి, రెండు కొమ్ములు నిలిపి, వాటిమీద అడ్డకర్ర కట్టి, ఐదు తీగలు లాగుతారు. కుడిచేత్తో ఐదింటినీ ఒక్కసారే మీటుతారు. అక్కర్లేని తీగల్ని ఎడమచేతి వేళ్లు ఆపుతాయి. "మీటడం మా మేకకైనా వస్తుందిరా, ఆపడమే విద్య" అనేది దహబ్‌కు నేర్పిన నాయనమ్మ. ఆవిడకు పదహారు మేకలుండేవి. సరే, అది వేరే కథ.

పెళ్లికి పిలవకుండానే ఒక మాంత్రికుడొచ్చాడు. దేశంలోని తంబూర్లన్నిటి నడిమి తీగ స్వరాన్నీ గుప్పిట పట్టుకుని ఎగిరిపోయాడు. వాద్యగాళ్లు పక్క తీగతో సర్దుకుని వాయించారు. చిందులు కుంటుపడ్డాయి.

"సర్దుబాటు పాటకు నేను పెళ్లికూతుర్ని కాను యువరాజా! నా చేతి గోరింట వెలిసేలోపు స్వరం తీసుకురా" అంది సకీనా.

పెద్దన్న కత్తితో వెళ్లాడు, రాలేదు. రెండో అన్న బంగారంతో వెళ్లాడు, రాలేదు. దహబ్ మాత్రం నాయనమ్మ తంబూర్ భుజాన వేసుకుని ఒక కొంగనడిగాడు. "కొంగమామా, ఏడు సముద్రాలు దాటించవూ?"

"దాటిస్తాను గానీ దారిలో పాడకు. నవ్వొస్తే రెక్కలు తప్పుతాయి" అంది కొంగ. దాటిస్తూ రహస్యం చెప్పింది. "మాంత్రికుడి ప్రాణం అతని కోటలో పంజరంలో ఉన్న చిలక గొంతులో ఉంది, మీ స్వరంతో ముడేసుకుని. చిలక తనంతట తాను ఆ స్వరం పలికితే ప్రాణమూ పోతుంది."

మాంత్రికుడి కోటలో అన్నలిద్దరూ బందీలై చిలక కోసం జొన్నలు చెరుగుతున్నారు.

"కత్తి చూపిస్తే నోరు మూసుకుంది తమ్ముడూ!" అన్నాడు పెద్దన్న.

"బంగారమిస్తే దాంతో ముక్కు గీరుకుంది!" అన్నాడు రెండో అన్న.

దహబ్ పెళ్లిపాట ఎత్తుకున్నాడు. నడిమి స్వరం రావలసిన చోట పక్క తీగతో సర్దలేదు. ఐదు తీగలూ ఆపేసి, ఆ చోటు ఖాళీగా వదిలేశాడు. చిలక తల వంచి చూసింది. రెండోసారి వదిలేశాడు. చిలక ఈకలు నిక్కబొడుచుకున్నాయి.

"నోరెత్తావో చూడు!" అని మాంత్రికుడు చిలక మీదికి ఉరికాడు.

దహబ్ మూడోసారి వదిలేశాడు. ఇక చిలక వల్ల కాలేదు. "ణింగ్!" అని పలికేసింది. మాంత్రికుడు పరుగెత్తుతూనే బూడిదై రాలాడు. నాయనమ్మ తంబూర్ నడిమి తీగ దానంతటదే మోగింది.

దహబ్ పంజరం విరగ్గొట్టి, అన్నలతో కొంగనెక్కి ఇల్లు చేరాడు. సకీనా చేతుల గోరింట ఇంకా గోళ్లమీద మిగిలే ఉంది. "ఆలస్యమైతే వేళ్లు దాచుకుందామనుకున్నాను" అని నవ్వింది. ఏడు రోజులు పెళ్లి, ఏడు రోజులూ చిందులే.

రాజుగారి తర్వాత ఖర్జూరపు తోటలు పెద్దన్నకు, ఒంటెల మంద రెండో అన్నకు, సింహాసనం దహబ్‌కు వచ్చాయి. అతను నలభై ఏళ్లు చల్లగా ఏలాడు. నాయనమ్మ తంబూర్ అతని కూతురికి దక్కింది. ప్రతి పెళ్లికీ పిలవకుండానే వచ్చి నడిమి తీగతో గొంతు కలిపే చిలక్కి మాత్రం ఏమీ దక్కలేదు, పంజరం కూడా.