ఈరప్ప కుండ

ఎప్పటి మాటో ఇది. మా అవ్వకు వాళ్ల అవ్వ చెప్పేనాటికే పాతబడిన మాట. ఒక కొండకోటలో ఒక చెరసాల, అందులో ఈరప్ప అనే కుమ్మరి. దొరగారింటి పెళ్లికి కుండలు ఆలస్యం చేశాడని మూడేళ్లు లోపల వేశారు. ఆ రోజుల్లో అదీ నేరమే మరి.

మూడేళ్లూ ఈరప్ప కుండలు చేసే తన సారెనే తలుచుకున్నాడు. వాన పడితే చాలు, తడిమట్టి వాసనకు వేళ్లు వాటంతటవే కదిలేవి. ఇంకొక్క నెల ఆగితే ఇంటికి పోతాడు.

ఖైదీకి రోజుకు కుండెడు నీళ్లు ఇవ్వాలని దొర శాసనం. మొదటి వేసవి కుండెడే ఇచ్చారు. రెండో వేసవి ముంతెడు. మూడో వేసవి పిడతెడు. పక్కనున్న ముసలి లింగన్న దాహంతో సొమ్మసిల్లిపోయాడు.

ఈరప్ప చెరసాల అధికారిని అడిగాడు. ఒకసారి అడిగితే నవ్వాడు. రెండోసారి అడిగితే కసిరాడు. మూడోసారి అడిగితే, "పోయి దొరతో చెప్పుకో. ఓడిపోతే ఇంకో మూడేళ్లు ఈడనే," అన్నాడు.

ఈరప్పకు ఇల్లు గుర్తొచ్చింది, సారె గుర్తొచ్చింది. లింగన్న ఎండిన పెదాలు చూశాడు.

"చెప్పుకుంటా," అన్నాడు.

కొలువులో అధికారి పిడత చూపించాడు. "మట్టిది, మూతి ఉంది, నీళ్లు నిలుస్తాయి. కుండ కాక ఇదేంది దొరా?"

ఈరప్ప దాన్ని తీసుకుని అడుగు తడిమాడు. తన బొటనవేలి ముద్ర తగిలింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇది నా చేతిదే దొరా. పెరుగు తోడు పెట్టుకోను చేసినా. చేసిననాడు దీని పేరు పిడత. కుండంటే కుండే."

"ఎట్లా నమ్మేది?"

"మీ వంటామెను పిలిచి కుండ తెమ్మనండి. ఇంకేం చెప్పొద్దు."

వంటామెకు ఈ గొడవేమీ తెలియదు. ఇంత లావు కుండ చంకనెత్తుకొచ్చి దొర ముందు దించింది. "అన్నం ఎంతమందికి దొరా?" అంది.

కొలువంతా నవ్వింది. దొర మాత్రం నవ్వలేదు. "కుండంటే కుండే," అని తీర్పు చెప్పాడు. ఆ రోజు నుంచి బావి దగ్గర కుండలు నింపి మోసింది ఎవరనుకున్నారు? ఆ అధికారే.

లింగన్న కడుపునిండా తాగి, మిగిలినవి నెత్తిన పోసుకున్నాడు. నెల తిరిగేసరికి ఈరప్ప ఇల్లు చేరాడు. చాలా ఏళ్లు సారె తిప్పి, పోయాడు.

కోట కూలిపోయింది. ఆ దొర పేరు ఎవరికీ గుర్తులేదు. మా వైపు మాత్రం ఇప్పటికీ కుండ కొనేవాళ్లు వేలితో తట్టి, "ఈరప్ప కుండేనా?" అని అడుగుతారు. దాహమన్నవాడికి ఏ కోడలైనా చిన్న గ్లాసుతో నీళ్లు ఇవ్వబోతే ముసలమ్మలు ఊరుకోరు.

"పిడతతో పోస్తావేందే? ఈరప్ప చూస్తాండాడు," అంటారు.