ఊయలమ్మ వంతెన: భయం చెప్పుకుని దాటే చోటు

శ్రీ ఊయలమ్మ తల్లి సన్నిధికి విచ్చేసే యాత్రికులు ముందుగా తమ చెప్పులను, ఆ తరువాత తమ బడాయిని ఇవతలి ఒడ్డునే విడిచిపెట్టవలసి ఉంటుంది. చెప్పులకు కాపలా ఉంది. బడాయిని ఎవరూ ఎత్తుకుపోరు గనుక దానికి కాపలా పెట్టలేదు.

తూర్పు కనుమలలో జడలేరు అనే వాగు రెండు కొండలను చీల్చుకుని పారే చోట ఈ క్షేత్రం వెలసింది. ఇవతలి కొండ మీది పల్లె మెట్టగూడెం. అవతలి కొండ మీది పల్లె నేరేడువలస. రెంటికీ నడుమ, విస్తళ్ళు కుట్టే అడ్డాకు చెట్టు తీగలతో పేనిన వేలాడే వంతెన ఉంది. నడవడానికి కింద వెదురు తడక, పట్టుకోవడానికి రెండు పక్కలా తీగమోకులు, అంతే. తడక సందుల్లోంచి చూస్తే ఎక్కడో అడుగున నీళ్ళు నురగలు కక్కుతూ కనిపిస్తాయి. కిందికి చూడవద్దని ఎంత చెప్పినా చూడనివారు లేరు. తల్లి గుడి వంతెన దిగగానే అవతలి ఒడ్డున ఉంది. అక్కడికి వేరే దారి లేదు.

ప్రపంచంలో భయపెట్టే వంతెనలకు కొదవ లేదు. గాజుపలకల మీద నడిపించి, కాళ్ళ కింద లోయను చూపించేవి ఉన్నాయి. మంచుకొండల నడుమ ఈదురుగాలికి ఊగిపోయే ఇనుపతాళ్ళ వంతెనలు ఉన్నాయి. సముద్రాల అవతల గడ్డిని పేని వంతెన కట్టుకునేవారు కూడా ఉన్నారు. అలాంటివన్నీ దాటి, ఫొటోలు దిగి వచ్చిన యాత్రికులు సైతం మా వంతెన మొదట నిలబడి నీళ్ళు నములుతారు. అందుకు కారణం వంతెన ఎత్తు కాదు, దాని ఊపు కూడా కాదు. ఇక్కడి నియమం. అడుగు పెట్టే ముందు ఎంతటివారైనా సరే, నలుగురూ వినేలా "తల్లీ, భయమేస్తోంది" అని గొంతెత్తి చెప్పాలి. అవతలి ఒడ్డున ఉన్నవారు "ఉన్నాం, రా" అని బదులు పలకాలి. ఆ పలుకు వినబడ్డాకే వంతెన ఎక్కాలి. జిల్లా అధికారులు చెప్పారు, పహిల్వాన్లు చెప్పారు, కొత్త పెళ్ళికొడుకులు అత్తవారి ఎదుట ఎర్రబడ్డ మొహాలతో చెప్పారు. ఈ ఆచారం ఎలా ఏర్పడిందో పెద్దలు చెప్పుకున్న విధంగా ఇక్కడ విన్నవిస్తున్నాము.

పూర్వం ఇక్కడ గుడి లేదు. అవతలి ఒడ్డున, మోకులు బిగించే చోట, నడుము ఎత్తున నల్లరాయి ఒకటి ఉండేది. కళ్ళూ ముక్కూ నోరూ లేని ఉత్త రాయి. వంతెన మాత్రం అప్పుడూ ఉంది. ఇవతలి పల్లెలో జన్నెమ్మ అనే మంత్రసాని ఉండేది. రెండు కొండల మీదా ఆమె చేతిలో పడకుండా భూమ్మీద పడ్డ బిడ్డ లేదు. ఎలుగుబంటి ఎదురైతే కర్ర నేలకేసి కొట్టి అదిలించిన మనిషి. బిడ్డ అడ్డం తిరిగినా ఆమె చెయ్యి వణికేది కాదు. పుట్టిన ప్రతి బిడ్డకూ తన చేతులతోనే గుడ్డ ఊయల కట్టి, మొదటి ఊపు తానే ఊపి వెళ్ళేది. బిడ్డ ఏడిస్తే ఊయలకు దూరంగా ఉన్నా సరే, "ఉన్నాను, ఉన్నాను" అని పలకమని తల్లులకు నేర్పేది. చెయ్యి తగలకపోయినా గొంతు తగిలితే చాలు, బిడ్డ ఊరుకుంటుందని ఆమె చెప్పేది.

అంతటి జన్నెమ్మ పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారైనా వంతెన దాటలేదు. దాటలేకపోయింది. ఎవరూ లేని వేళ దాని మొదటి దాకా వచ్చి, ప్రతిసారీ వెనక్కి తిరిగి పోయేది. అయితే, ఎలుగుబంటిని అదిలించిన మనిషి వంతెనకు బెదిరిందంటే ఊరు నవ్వదా? అందుకని వయసులో ఉండగానే ఒక మాట అల్లేసింది. మంత్రసాని వంతెన దాటకూడదని తనకు దేవర ఆన ఉందని చెప్పింది. అందరూ కళ్ళకద్దుకుని నమ్మారు. అప్పటినుంచి నేరేడువలస గర్భిణులు వానలు పడక ముందే ఇవతలి ఒడ్డుకు వచ్చి, పురుడయ్యాక వెళ్ళడం ఆనవాయితీ అయింది. అబద్ధం అలా ఆచారమై కూర్చుంది.

జన్నెమ్మకు ఒక్కతే కూతురు, అసిరి. నేరేడువలస కుర్రవాడు దాలయ్యతో దాని మనువు కుదిరినప్పుడు పెళ్ళి ఇవతలే జరిపించింది. ఆ తరువాత కూతురే వచ్చి చూసి పోయేది. కూతురి ఇంట్లో పొయ్యి ఏ మూలన ఉందో తెలియని తల్లి ఈ కొండల్లో ఆమె ఒక్కతే. ఆ బాధ ఆమెకు ఉండేది. అది కూడా దేవర ఆన ఖాతాలోనే పడిపోయింది.

అసిరికి నెలలు నిండుతున్న ఏట, జ్యేష్ఠంలో, ఒక మధ్యాహ్నం జన్నెమ్మ బాలింతలకు పెట్టే కాయం మందు నూరుతూ రోటి పక్కనే కునుకు తీసింది. కలలో ఒక ముసలమ్మ కనబడింది. నల్లని ఒళ్ళు, తడిసిన జుట్టు. "జన్నీ, నా ఊయల ఖాళీగా ఉన్నాది. ఏడిసే బిడ్డని పంపు. నాను పలుకుతాను" అని చెప్పి మాయమైంది. మెలకువ వచ్చిన జన్నెమ్మ, మంత్రసాని గనుక, ఆ మాటను మంత్రసాని లాగే అర్థం చేసుకుంది. ఎవరో దేవత ఊయల మొక్కు అడుగుతోందని తలచి, వంతెన మొదట ఉన్న మద్దిచెట్టుకు కొత్త గుడ్డతో ఊయల కట్టింది. బిడ్డను ఎక్కడినుంచి తెస్తుంది? చెక్కతో బొమ్మ చేయించి అందులో పడుకోబెట్టింది. ఏడ్చే బిడ్డను అడిగితే ఏడవని బొమ్మను ఇచ్చానన్న సందేహం ఆమెకు రానేలేదు.

ఆ ఏడు వానలు తొందరపడ్డాయి. అసిరి పుట్టింటికి బయలుదేరాలనుకున్న రోజునే జడలేరు పొంగింది. కొండ మీదినుంచి పెద్ద మాను కూలి వంతెన మీదుగా పడి, ఒక పక్క మోకును తెంపుకుని పోయింది. ఇక మిగిలింది వెదురు తడక, ఒకే ఒక్క మోకు. గాలికి వంతెన ఒక పక్కకు ఒరిగి ఊగుతోంది. అదే పూట, నెల ముందుగానే, అసిరికి నొప్పులు వచ్చాయి.

దాలయ్య భార్యను వీపున మోసుకుని వంతెన దాకా వచ్చాడు. వంతెనను చూశాక నిలబడిపోయాడు. మనిషిని మోస్తూ ఒంటి మోకు పట్టుకుని దాటడం అయ్యే పని కాదు. అసిరిని నల్లరాయికి ఆనించి కూర్చోబెట్టి, పైన తాటాకులు కప్పి, ఇవతలి ఒడ్డుకు కేకేశాడు.

"అత్తా! బిడ్డ అడ్డం తిరిగినట్టుంది! దేవర ఆన ఉన్నాది గదా, నిన్ను రమ్మననేను. ఏటి సెయ్యాలో అక్కడినుంచే సెప్పు!"

అడ్డం తిరిగిన బిడ్డను కేకలతో తిప్పడం ఎవరి తరమూ కాదని జన్నెమ్మకు తెలుసు. చెయ్యి పడాలి. తన చెయ్యే పడాలి. లేకపోతే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కరు. మూలికల మూట వీపుకు కట్టుకుని వంతెన మొదటికి వచ్చింది. అప్పటికే ఊరంతా అక్కడ ఉంది. ఆమెను అక్క వరసతో అప్పా అని పిలిచే పోలయ్య, వంతెన నేసేవాడు, చేతులు చాచి ఆమెకు అడ్డం నిలబడ్డాడు.

"వద్దప్పా! ఆన తప్పితే దేవర ఊరుకుంటాదా? ఉన్న మోకు కూడా తెగిపోద్ది. నువ్వూ పోతావు, ఆ పిల్లా పోతాది!"

అందరూ అవునన్నారు. ఆమె మీది గౌరవంతోనే ఆమెను ఆపారు. ఇన్నేళ్ళూ తనను కాపాడిన అబద్ధం ఇప్పుడు మూసిన తలుపులా అడ్డం నిలబడింది. జన్నెమ్మ పోలయ్యను చూసింది, ఊరిని చూసింది. అవతల తాటాకుల కింద కూతురి కాళ్ళు మాత్రం కనబడుతున్నాయి.

"ఆనా లేదు, గీనా లేదు" అంది జన్నెమ్మ. "నాకు బయం, పోలీ. సిన్నప్పట్నించీ బయమే. సెప్పుకోడానికి సిగ్గేసి దేవర మీదికి తోసీసినాను. ఇప్పుడు కూడా బయమేస్తంది. తప్పుకో."

ఎవరూ నవ్వలేదు. పోలయ్య చాచిన చేతులు దించి పక్కకు జరిగాడు. "నాకూ బయమేనప్పా" అన్నాడు మెల్లగా. "నేసినోణ్ణి నాకు తెలీదా, అదెంత ఊగుద్దో."

జన్నెమ్మ నిలబడి దాటలేనని తెలిసి తడక మీద కూర్చుంది. రెండు చేతులతో మోకు పట్టుకుని, కూర్చునే ముందుకు జరగసాగింది. నాలుగు జానలు జరిగేసరికి వంతెన ఊగింది. కింద నీటి హోరు. ఆమె ఇక ఆపుకోలేకపోయింది. ఊరు చూస్తోందని గాని, తాను పెద్దదాన్నని గాని తలచలేదు. పసిబిడ్డలా నోరు తెరిచి ఏడ్చేసింది.

"అమ్మా! బయమేస్తందే!"

అప్పుడు అవతలి ఒడ్డునుంచి బదులు వచ్చింది. "ఉన్నానే అమ్మా! రా!"

అది అసిరి గొంతు. ఆ గొంతు తగలగానే జన్నెమ్మకు కల గుర్తుకు వచ్చింది. ఖాళీగా ఉందన్న ఊయల ఈ వంతెనే. ఏడ్చే బిడ్డ తానే. చెక్కబొమ్మను పంపి తాను ఒడ్డునే ఉండిపోయింది. ఆమె కళ్ళు తుడుచుకోలేదు, ఏడుపు మానలేదు. ఏడుస్తూనే జరిగింది. వంతెన ఊగినప్పుడల్లా "బయమేస్తందే" అని అరిచింది. అరిచినప్పుడల్లా "ఉన్నాను, రా" అని పిలుపు వచ్చింది. నడిమధ్యలో ఒక వెదురుబద్ద ఊడి వాగులో పడింది. పిలుపు ఆగలేదు. చివరికి దాలయ్య చెయ్యి అందుకుని ఆమెను ఒడ్డుకు లాగాడు. అవతలి నేల మీద ఆమె కాలు మోపడం అదే మొదటిసారి.

భయం వంతెన మీదనే ఉండిపోయింది. బిడ్డ మీద పడిన చెయ్యి ఎప్పటిలాగే వణకలేదు. పొద్దు వాలక ముందే, తాటాకుల కింద, నల్లరాయి పక్కన ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. జన్నెమ్మ కూతురి నుదురు నిమురుతూ అడిగింది.

"అన్ని నొప్పుల్లో కూడా అన్నిసార్లు ఎలాగ పలికినావే తల్లీ?"

అసిరి తెల్లబోయి చూసింది. "ఒక్కసారే పలికినానే అమ్మా. తర్వాత కొంగు పళ్ళతో కరిసి పట్టుకున్నాను. నా కేకలింటే నువ్వు బెదిరిపోతావని నొప్పికి కూడా అరవనేదు."

జన్నెమ్మ అల్లుడి వైపు తిరిగింది. "నాను మోకు పట్టుకున్నాను అత్తా" అన్నాడు దాలయ్య. "నాకు గొంతే పెగల్నేదు."

ముగ్గురూ రాతి వైపు చూశారు. అసిరి ఆనుకుని ఉన్నప్పుడు ఉత్త రాయే. ఇప్పుడు దానికి నోరు ఉంది. పిలుస్తున్నట్టుగా తెరుచుకుని ఉంది. జన్నెమ్మ బిడ్డను తెచ్చి ఆ రాతి ముందు పెట్టి, కలలో విన్న మాటను బట్టి "ఊయలమ్మా" అని దండం పెట్టింది. క్షేత్రానికి ఆ పేరు ఆనాడు వచ్చింది. నేటికీ గర్భగుడిలోని మూర్తికి కళ్ళు లేవు, చేతులు లేవు, తెరిచిన నోరు మాత్రమే ఉంది. మిగతావి చెక్కిద్దామని ఎవరైనా ముందుకు వచ్చినా ఊరివారు ఒప్పుకోరు.

జన్నెమ్మ ఆ తరువాత ముసలితనం దాకా వంతెన దాటుతూనే ఉంది. పురుడు ఎక్కడుంటే అక్కడికి వెళ్ళింది. భయం పోయిందా అని అడిగినవారికి పోలేదనే చెప్పింది. దాటిన ప్రతిసారీ ఎలుగెత్తి చెప్పుకునే దాటింది. ఆమెను చూసి పోలయ్య చెప్పాడు, పోలయ్యను చూసి ఊళ్ళోని మగవారు మీసాలు సవరించుకుంటూ చెప్పారు. అలా ఇది అందరి ఆచారం అయింది.

నేటికీ ఏటా వేసవిలో రెండు పల్లెలవారు పాత తీగలు విప్పి కొత్తవి నేస్తారు. ఎవరి ఒడ్డునుంచి వారు మొదలుపెట్టి నడుమ కలుసుకుంటారు. పని మొదలుపెట్టే ముందు నేతగాళ్ళే మొదట భయం చెప్పుకుంటారు. సంతానం కోరేవారు మద్దిచెట్టుకు గుడ్డ ఊయల కట్టి చెక్కబొమ్మను ఉంచుతారు. అయితే మొక్కు అక్కడితో తీరదు, వంతెన దాటితేనే తీరుతుంది. పరీక్షలకు వెళ్ళేవారు, ఆపరేషనుకు సిద్ధమయ్యేవారు, కొత్తగా కాపురానికి పోయే ఆడపిల్లలు తల్లిని దర్శించుకుని గుండె దిటవు చేసుకుని వెళ్తున్నారు.

భయం చెప్పకుండా దాటేవారికి తల్లి ఏ హానీ చేయదు. అలాంటి భయాలేవీ యాత్రికులు పెట్టుకోనక్కరలేదు. కాకపోతే వారికి అవతలినుంచి ఎవరూ పలకరు. నడిమధ్యకు వెళ్ళాక వంతెన ఊగుతుంది. అప్పుడు చాలామంది అక్కడినుంచే చెప్పుకుంటారు. ఆలస్యంగా చెప్పినా బదులు వస్తుంది. ముక్కూ మొహం తెలియని యాత్రికులు ఒడ్డున బారులు తీరి "ఉన్నాం, రా" అని పిలుస్తారు. వారంతా అంతకు ముందే ఏడుస్తూ దాటినవారు.

తల్లికి పూజ చేసేది అసిరి బిడ్డ వంశపు ఆడపడుచులే. ఇప్పటి పూజారిణి గవరమ్మ కాపురం మెట్టగూడెంలో. రోజూ తెల్లవారగానే మొదట దాటేది ఆమె. ఆ వేళకు అవతలి ఒడ్డున మనిషన్నవాడు ఉండడు. అయినా పూలబుట్ట నెత్తిన పెట్టుకుని వంతెన మొదట నిలబడి, "తల్లీ, బయమేస్తంది" అని కేకేస్తుంది. కాసేపు అలాగే నిలబడి చెవి ఒగ్గి, ఆ తరువాత అడుగు వేస్తుంది.

బదులు నిజంగా వినబడుతుందా అని యాత్రికులు ఆమెను అడుగుతూ ఉంటారు. గవరమ్మ నవ్వుతుంది.

"వినబడకపోతే దాటుతానేటి బాబూ?"